వాచిన కీలులోకి రేడియోధార్మిక సూది: ఎవరికి మేలు, ఎవరికి వద్దు?

మోకాలు వాచి కుండలా ఉంటుంది. ముట్టుకుంటే వేడి. దవాఖానాకు వెళ్తే డాక్టర్ సూది పెట్టి నీళ్లు తీస్తారు, స్టెరాయిడ్ సూది వేస్తారు. రెండు నెలలు హాయిగా ఉంటుంది. మళ్లీ అదే వాపు, మళ్లీ అవే నీళ్లు. మూడోసారి, నాలుగోసారి తీశాక కొందరికి డాక్టర్ ఓ కొత్త మాట చెబుతారు: "న్యూక్లియర్ మెడిసిన్ వాళ్లను ఒకసారి కలవండి. కీలులోకి రేడియోధార్మిక మందు ఎక్కించే పద్ధతి ఉంది."

ఆ మాట వినగానే ఇంట్లో అందరి గుండె గుభేలుమంటుంది. రేడియేషన్ అంటే క్యాన్సర్‌కు ఇచ్చేది కదా! కీళ్లనొప్పికి అదెందుకు? లేనిపోని జబ్బు కొని తెచ్చుకున్నట్టు అవదా?

భయం సహజమే. అయితే ఈ చికిత్స కొత్తది కాదు, 70 ఏళ్ల పైబడిన చరిత్ర ఉంది. దీని పేరు రేడియోసైనోవెక్టమీ. సరైన రోగికి సరైన సమయంలో చేస్తే ఆపరేషన్ తప్పించవచ్చు. తప్పు రోగికి చేస్తే డబ్బూ కాలమూ వృథా. ఆ తేడా తెలియాలంటే ముందు కీలు లోపల ఏం జరుగుతుందో చూడాలి.

తప్పు గుజ్జుది కాదు, పొరది

కీళ్లనొప్పి అనగానే మన దగ్గర అందరూ చెప్పే మాట "గుజ్జు అరిగిపోయింది" అని. గుజ్జు అంటే ఎముకల చివర ఉండే నున్నటి కార్టిలేజ్. కానీ కీలు లోపల ఇంకోటి కూడా ఉంది. కీలును సంచిలా చుట్టి ఉండే తొడుగుకు లోపలి వైపు ఒక పలుచని పొర ఉంటుంది. దాన్ని సైనోవియం అంటారు. బండి ఇరుసుకు కందెన వేసినట్టు, కీలు సాఫీగా కదలడానికి కావాల్సిన ద్రవాన్ని ఈ పొరే తయారు చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మోకాలిలో ఈ ద్రవం కొద్ది మిల్లీలీటర్లే ఉంటుంది.

రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే జనం కీళ్లవాతం అని పిలిచే జబ్బులో, శరీరపు రక్షణ వ్యవస్థ పొరపాటున ఈ పొర మీదే దాడి చేస్తుంది. పొర ఉబ్బుతుంది, మందంగా పెరుగుతుంది, కొత్త రక్తనాళాలు పుట్టుకొస్తాయి. ద్రవం అవసరానికి మించి ఊరుతుంది. అదే "మోకాల్లో నీళ్లు పట్టడం". అంతటితో ఆగదు. పెరిగిన పొర మెల్లగా గుజ్జును, ఆ తర్వాత ఎముకను తినేస్తుంది.

కాబట్టి నీళ్లు తీయించుకోవడం అంటే కారుతున్న కుళాయి కింద బకెట్ మార్చడమే. కుళాయి కట్టాలంటే ఆ పొర సంగతి చూడాలి. పూర్వం సర్జన్లు కీలు కోసి ఆ పొరను తీసేసేవారు. ఇప్పుడు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో కూడా తీస్తారు. కోయకుండా లోపలి నుంచే పొరను ఎండిపోయేలా చేయలేమా అన్న ఆలోచన నుంచి పుట్టిందే ఈ సూది.

వియన్నాలో బంగారంతో మొదలు

1952లో ఆస్ట్రియాలోని వియన్నాలో ఫెలింగర్, ష్మిడ్ అనే ఇద్దరు వైద్యులు బంగారం-198 అనే రేడియోధార్మిక బంగారు కణాలను కీళ్లలోకి ఎక్కించి చూశారు. ఆలోచన సరైనదే గానీ బంగారంతో రెండు చిక్కులు వచ్చాయి. కణాలు మరీ చిన్నవి కావడంతో కీలులోంచి జారి శరీరంలోకి పోయేవి. పైగా బంగారం-198 గామా కిరణాలను కూడా వదులుతుంది. అవి శరీరం దాటి బయటికి వస్తాయి కాబట్టి రోగికీ, పక్కనున్నవారికీ అనవసరపు రేడియేషన్.

ఆ తర్వాత వైద్యులు గామా కిరణాలు దాదాపు లేని, బీటా కణాలు మాత్రమే వదిలే మూలకాల వైపు మళ్లారు. 1968లో ఫ్రాన్స్‌లో ఫ్లోరియాన్ డెల్బార్ ఈ చికిత్సకు రేడియోసైనోవియార్థీస్ అని పేరు పెట్టారు. రేడియేషన్‌తో పొరను మళ్లీ దారికి తేవడం అని దాని భావం. యూరప్‌లో ఇప్పటికీ ఆ పేరే ఎక్కువగా వాడతారు.

సూదిలో ఏముంటుంది?

సూదిలో ఉండేది రేడియోధార్మిక మూలకం అంటించిన అతి సన్నని రేణువులు, నీళ్లలో కలిపిన పొడిలాంటివి. ఈ రేణువుల సైజులోనే కిటుకంతా ఉంది. మరీ చిన్నవైతే కీలు దాటి కారిపోతాయి. మరీ పెద్దవైతే పొరలోని కణాలు వాటిని మింగలేవు. రెండు నుంచి పది మైక్రాన్ల మధ్య ఉంటే మంచిదని సాధారణంగా చెబుతారు. ఒక మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

కీలు లోపలి పొరలో చెత్త ఎత్తే కణాలు కొన్ని ఉంటాయి. ద్రవంలో కొత్త వస్తువు ఏది కనిపించినా అవి గబుక్కున మింగేస్తాయి. రేడియోధార్మిక రేణువులనూ అలాగే మింగుతాయి. అంటే మందును పొర దాకా ఎవరూ మోసుకుపోనక్కర్లేదు, పొరే వచ్చి తీసుకుంటుంది. ఆ తర్వాత రేణువు లోపలి నుంచి బీటా కణాలు, అంటే వేగంగా దూసుకుపోయే ఎలక్ట్రాన్లు, చుట్టుపక్కల కణాలను దెబ్బతీస్తాయి. వాచిన పొర కణాలు చచ్చిపోతాయి, కొత్తగా పుట్టిన సన్న రక్తనాళాలు మూసుకుపోతాయి. కొన్ని నెలల్లో ఆ పొర పలచబడి మచ్చ కట్టిన చర్మంలా మారుతుంది. ద్రవం ఊరడం తగ్గుతుంది.

ఒక్కో కీలుకు ఒక్కో లోహం

బీటా కణం ఎంత దూరం పోతుందన్నది చాలా ముఖ్యం. మోకాలి పొర మందం వేరు, వేలి కణుపులోని పొర మందం వేరు. మోకాలికి సరిపోయే మందును వేలికి వేస్తే చర్మం దాకా కాలిపోతుంది. అందుకే మూడు రకాలు వాడుకలో ఉన్నాయి.

మోకాలికి ఇట్రియం-90. దీని కణాలు కండలో సగటున మూడున్నర మిల్లీమీటర్లు, గరిష్ఠంగా 11 మిల్లీమీటర్ల వరకు పోతాయి. ప్రతి 2.7 రోజులకు దీని శక్తి సగం అవుతుంది.

భుజం, మోచెయ్యి, మణికట్టు, చీలమండ, తుంటి కీళ్లకు రీనియం-186. ఇది సగటున ఒక మిల్లీమీటరు పైచిలుకు దూరమే పోతుంది. సగం కావడానికి 3.7 రోజులు పడుతుంది.

చేతివేళ్లు, కాలివేళ్ల చిన్న కీళ్లకు ఎర్బియం-169. దీని సగటు దూరం 0.3 మిల్లీమీటర్లు, గరిష్ఠంగా ఒక మిల్లీమీటరు. సగం కావడానికి తొమ్మిదిన్నర రోజుల దాకా పడుతుంది.

ఇవి కాక ఫాస్ఫరస్-32ను అమెరికా, కెనడాల్లో ముఖ్యంగా హీమోఫిలియా రోగులకు వాడారు. అమెరికాలో కుక్కల మోచేతి కీళ్లనొప్పికి తగరం-117ఎం సూది కూడా వేస్తున్నారు.

సూది వేసే రోజు

ముందుగా పరీక్షలు. అల్ట్రాసౌండ్‌లో పొర ఎంత మందంగా ఉందో చూస్తారు. ఎముకల స్కాన్‌లో వాపు నిజంగా పొరదేనా అని తేల్చుకుంటారు. మోకాలి వెనక బేకర్ సిస్ట్ అనే నీటితిత్తి ఉంటే, అది పగిలిందా లేదా అన్నది తప్పకుండా చూడాలి. పగిలి ఉంటే మందు పిక్కలోకి కారిపోతుంది.

చికిత్స ఆపరేషన్ థియేటర్ శుభ్రతతో జరుగుతుంది. చర్మానికి మత్తు సూది ఇచ్చి, కీలులోని నీళ్లు తీసి, సూది మొన సరిగ్గా కీలులోనే ఉందని ఎక్స్‌రే తెర మీదో అల్ట్రాసౌండ్‌లోనో నిర్ధారించుకున్నాక మందు ఎక్కిస్తారు. దాంతోపాటు చాలాచోట్ల స్టెరాయిడ్ కూడా ఇస్తారు. సూది బయటికి తీసేటప్పుడు మందు చుక్క చర్మంలో మిగలకుండా సెలైన్‌తో కడుగుతూ తీస్తారు. మిగిలితే ఆ దారి పొడవునా చర్మం కుళ్లి మానని పుండు పడవచ్చు. ఈ చికిత్సలో అరుదుగా వచ్చే ఇబ్బందుల్లో ఇదొకటి.

ఆ తర్వాత అసలు పథ్యం మొదలవుతుంది. కీలును రెండు మూడు రోజులు కదలకుండా పట్టీ వేసి ఉంచాలి. నడిస్తే కీలు లోపల ఒత్తిడి పెరిగి రేణువులు బయటికి నెట్టుకుపోతాయి. "నొప్పి లేదు కదా, బాత్రూమ్ దాకా నడిచొస్తే ఏమవుతుంది" అనుకోకూడదు. కారిపోయిన మందు తొడ మొదట్లోని గ్రంథులకు, అక్కణ్నుంచి కాలేయానికి చేరుతుంది. పట్టీతో కదలకుండా ఉన్నప్పుడు కాలి నరాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు కొంత ఉంటుంది కాబట్టి, అలాంటి చరిత్ర ఉన్నవాళ్లు డాక్టరుకు ముందే చెప్పాలి.

ఫలితం మర్నాడే కనిపించదు. మొదటి కొద్ది రోజులు నొప్పి, వాపు పెరగవచ్చు కూడా. రెండు వారాల లోపు గుణం కనిపించడం అరుదు, నెల దాకా పట్టవచ్చు. ఒకసారి పనిచేయకపోతే ఆరు నెలలైనా ఆగకుండా రెండోసారి వేయరు.

అసలు పనిచేస్తుందా?

ఇక్కడ నిజాయితీగా మాట్లాడుకోవాలి. చికిత్స చేసిన చాలా ఆసుపత్రులు సగానికి మించి రోగుల్లో నొప్పి, వాపు తగ్గాయని రాశాయి. అయితే వాటిలో చాలావాటిలో పోల్చి చూడటానికి ఇంకో జట్టు లేదు. నెదర్లాండ్స్‌లో దాదాపు వంద మంది మీద ఒక గట్టి పరీక్ష చేశారు. కొందరి మోకాలికి ఇట్రియంతో కలిపి స్టెరాయిడ్, మిగతావారికి ఉత్త స్టెరాయిడ్ ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ తెలియదు, చూసే డాక్టరుకూ తెలియదు. 2005లో ప్రచురితమైన ఫలితం ప్రకారం ఇట్రియం కలిపినందువల్ల ఉత్త స్టెరాయిడ్ కంటే ఎక్కువ లాభం కనబడలేదు.

ఈలోగా కీళ్లవాతానికి మందులు కూడా మారిపోయాయి. మెథోట్రెక్సేట్‌ను తొలి నెలల్లోనే సరిగ్గా మొదలుపెడితే, అవసరమైతే బయోలాజిక్ సూదులు చేర్చితే, చాలామందిలో వాపు మొత్తంగా అదుపులోకి వస్తుంది. అందుకే నేడు రుమటాయిడ్ రోగికి రేడియోధార్మిక సూది మొదటి మెట్టు కాదు. గోలీలతో ఒళ్లంతా బాగై, ఒకటి రెండు కీళ్లు మాత్రం మొండికేసినప్పుడు, స్టెరాయిడ్ సూది కూడా నిలవనప్పుడు ఆలోచించాల్సిన దారి ఇది. అలాగే వయసు మీద పడి గుజ్జు పూర్తిగా అరిగి, ఎముకకు ఎముక రాసుకుంటున్న మోకాలికి దీనితో పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. ఈ మందు పొర మీద పనిచేస్తుంది, పోయిన గుజ్జును తిరిగి తేదు.

హీమోఫిలియా పిల్లలకు వేరే లెక్క

ఈ సూది నిజంగా బతుకును మార్చగల చోటు ఇంకొకటి ఉంది. అదే హీమోఫిలియా. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ పుట్టుకతోనే తక్కువగా ఉండే జబ్బు ఇది. ఎక్కువగా మగపిల్లలకు వస్తుంది. హీమోఫిలియా-ఎ సుమారు ఐదు వేల మంది మగశిశువుల్లో ఒకరికి ఉంటుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల జాబితాలో ఇదీ ఉంది.

ఈ పిల్లల్లో దెబ్బ తగలకుండానే మోకాలు, చీలమండ, మోచెయ్యి కీళ్లలో రక్తం కారుతుంది. ఆ రక్తంలోని ఇనుము పొరలో పేరుకుంటుంది. దాంతో పొర వాచి పెరుగుతుంది. పెరిగిన పొరలో పుట్టిన కొత్త రక్తనాళాలు పెళుసుగా ఉండి మళ్లీ చిట్లుతాయి. మళ్లీ రక్తం, మళ్లీ వాపు. గానుగెద్దులా అదే చుట్టూ తిరుగుతుంది. ఆరు నెలల్లో ఒకే కీలులో మూడుసార్లో అంతకంటే ఎక్కువో దానంతటదే రక్తం కారితే డాక్టర్లు దాన్ని టార్గెట్ జాయింట్ అంటారు. పట్టించుకోకపోతే కుర్రాడు ఇరవై ఏళ్లకే కాలు ముడుచుకుపోయి కుంటుతాడు.

ఈ చక్రాన్ని తెంచడానికి రేడియోధార్మిక సూది పనికొస్తుంది. ఫ్యాక్టర్, ఫిజియోథెరపీ ఇచ్చినా వాపు తగ్గని కీలుకు ముందు కోతలేని పద్ధతినే చూడాలని వరల్డ్ ఫెడరేషన్ ఆఫ్ హీమోఫిలియా 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆపరేషన్ చేయాలంటే ఈ పిల్లలకు రోజుల తరబడి ఫ్యాక్టర్ ఎక్కించాలి. అదెంత ఖరీదో తల్లిదండ్రులకు తెలుసు. ఈ సూదికి చాలాసార్లు ఒక్క మోతాదు ఫ్యాక్టర్ సరిపోతుంది. ఫ్యాక్టర్ ఎక్కించినా పనిచేయని ఇన్‌హిబిటర్ రోగులకు ఇది మరింత ఊరట.

రేడియోధార్మిక మందు దొరకని చోట రిఫాంపిసిన్ సూది వాడతారు. అవును, టీబీకి ఇచ్చే రిఫాంపిసినే. అదీ పొరను ఎండబెడుతుంది. కానీ ఒక్కసారితో పోదు, వారానికొకటి చొప్పున కొన్ని వారాలు వేయాలి. నొప్పి కూడా ఎక్కువ.

ఇక్కడ ఒక హెచ్చరిక. పిల్లాడి మోకాలు వాచగానే పాతబస్తీలో పహిల్వాన్ పట్టీకి, రాయలసీమ వైపు పుత్తూరు కట్టుకు తీసుకెళ్లడం అలవాటు. హీమోఫిలియా ఉన్న పిల్లాడి కీలును గట్టిగా పిసికినా, లాగినా లోపల రక్తం ఇంకా కారుతుంది. మగపిల్లాడికి ఊరికే ఊరికే కమిలిన మచ్చలు పడుతున్నా, తల్లి తరఫు మేనమామల్లో ఎవరికైనా ఇలాంటి ఇబ్బంది ఉన్నా, కట్టు కట్టించే ముందు రక్తపరీక్ష చేయించాలి.

క్యాన్సర్ వస్తుందా?

ఈ ప్రశ్నను కొట్టిపారేయకూడదు. రేడియోధార్మిక మందులకు చేదు చరిత్ర ఉంది. 1920ల్లో అమెరికాలో రేడియం కలిపిన నీళ్లను సర్వరోగ నివారిణిగా అమ్మారు. ఈబెన్ బయర్స్ అనే పారిశ్రామికవేత్త ఏళ్ల తరబడి అవి తాగి, దవడ ఎముకలు ఊడిపోయి 1932లో చనిపోయారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో వెన్నెముక కీళ్ల వాపుకు, పిల్లల ఎముకల టీబీకి రేడియం-224 సూదులు ఇచ్చారు. వారిలో కొందరికి తర్వాత ఎముకల క్యాన్సర్ వచ్చింది.

తేడా ఎక్కడుందంటే, రేడియం ఒళ్లంతా తిరిగి ఎముకల్లో చేరుతుంది. బయర్స్ తాగిన రకం రేడియం సగం కావడానికి 1,600 ఏళ్లు పడుతుంది. కీలులో వేసే ఇట్రియం రేణువు ఎక్కడ వేస్తే అక్కడే ఉండేలా తయారైంది. నెల తిరిగేసరికి దాని శక్తి వెయ్యో వంతుకు పడిపోయి, రేడియోధార్మికత లేని జిర్కోనియంగా మారిపోతుంది.

అయినా వైద్యులు కన్నేసి ఉంచారు. అమెరికాలో ఫాస్ఫరస్-32 సూది తీసుకున్న హీమోఫిలియా పిల్లల్లో ఇద్దరికి రక్త క్యాన్సర్ వచ్చింది. సూది వల్లే వచ్చిందని రుజువు కాలేదు గానీ అక్కడ చాలామంది వెనకడుగు వేశారు. ఆ తర్వాత కెనడాలో ఈ చికిత్స పొందిన 2,400 మందికి పైగా రోగుల రికార్డులు తిరగేసి 2012లో ప్రచురించిన అధ్యయనంలో క్యాన్సర్ ముప్పు పెరిగినట్టు కనబడలేదు. భరోసా కలిగించే మాటే, కానీ పిల్లల్లో జాగ్రత్త తప్పదు. 20 ఏళ్లలోపు వారికి లాభం స్పష్టంగా ఎక్కువని తేలితేనే వేయాలన్నది నియమం.

గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఈ సూది పూర్తిగా నిషిద్ధం. కీలులో చీము, ఆ చోట చర్మం మీద ఇన్ఫెక్షన్, పగిలిన బేకర్ సిస్ట్ ఉన్నా వేయకూడదు. చికిత్స తర్వాత గర్భం కోసం ఎన్ని నెలలు ఆగాలో డాక్టరును అడిగి తెలుసుకోవాలి. ఇక ఇంట్లోవాళ్లు దూరంగా ఉండాలా అంటే, బీటా కణాలు ఒంటి లోపలే ఆగిపోతాయి కాబట్టి పిల్లలను దగ్గరకు తీసుకోకూడదన్న భయం అక్కర్లేదు. ఆసుపత్రి చెప్పిన శుభ్రత జాగ్రత్తలు పాటిస్తే చాలు.

మన దేశంలో

భారత్‌లో ఈ పనికి పునాది ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రం, జనం నోట బార్క్. అక్కడి శాస్త్రవేత్తలు హైడ్రాక్సీఅపటైట్ రేణువులకు ఇట్రియం-90, హోల్మియం-166, లుటీషియం-177 వంటి మూలకాలను అంటించే పద్ధతులు రూపొందించారు. హైడ్రాక్సీఅపటైట్ అంటే మన ఎముకల్లో ఉండే ఖనిజమే. పని అయ్యాక శరీరం దాన్ని క్యాల్షియం, ఫాస్ఫేట్‌లుగా కరిగించేసుకుంటుంది. ట్రాంబేలోని ధ్రువ లాంటి రియాక్టర్ దేశంలోనే ఉండటం వల్ల ఇలాంటి ఐసోటోపుల తయారీ ఇక్కడే సాధ్యమవుతోంది. అయితే తయారైన క్షణం నుంచే మందు శక్తి తగ్గుతూ పోతుంది. గోలీల్లా మందుల షాపులో నిల్వ పెట్టేది కాదు. రోగికి తారీఖు ఖాయం చేసి, మందు తెప్పించి, ఆ రోజే వేయాలి. చెప్పిన రోజు రోగి రాకపోతే ఆ మందు వృథా.

దీన్ని వేసే చోటుకు అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. న్యూక్లియర్ మెడిసిన్ నిపుణుడు ఉండాలి. సందులోని క్లినిక్‌లో "రేడియం సూది" వేస్తామని ఎవరైనా అంటే అటు తొంగి కూడా చూడొద్దు.

డాక్టరును అడగాల్సినవి

ఒప్పుకునే ముందు రోగి గానీ ఇంట్లోవాళ్లు గానీ ఈ ప్రశ్నలు అడిగితే తప్పేమీ లేదు. నా వాపు పొరదా, గుజ్జు అరిగిందా? స్కాన్‌లో చూశారా? స్టెరాయిడ్ సూది ఎన్నిసార్లు వేశారు, ఎంతకాలం నిలిచింది? గోలీల మోతాదు సరిచేస్తే సరిపోదా? ఏ మూలకం వేస్తున్నారు, అది ఈ కీలుకు తగినదేనా? మొత్తం ఖర్చెంత, ప్రభుత్వ పథకంలో గానీ ఇన్సూరెన్స్‌లో గానీ వస్తుందా? పనిచేయకపోతే తర్వాతి దారి ఏమిటి?

సూది తర్వాత జ్వరం వచ్చినా, కీలు ఎర్రబడి నొప్పి రోజురోజుకూ పెరుగుతున్నా, సూది గుచ్చిన చోట చర్మం నల్లబడినా, పిక్క గట్టిపడి వాచినా మరుసటి చెకప్ దాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

రేడియోధార్మిక సూది మాయమంత్రం కాదు, విషమూ కాదు. రోగం పొరలో ఉన్నప్పుడు, గుజ్జు ఇంకా మిగిలి ఉన్నప్పుడు మాత్రమే దానికి పని ఉంది. అందుకే మోకాలు పదేపదే వాస్తుంటే ఏళ్ల తరబడి నొప్పి గోలీలతో నెట్టుకురాకుండా, గుజ్జు పోకముందే కీళ్ల డాక్టరుకు చూపించుకోవాలి.